సగం చీర

నా చిన్నప్పుడు మా పక్కింటి మామ్మగారికి బీరువా నిండా చీరలుండేవి గాని, ఒంటికి హాయిగా కట్టుకోవడానికి ఒక్క చీర ఉండేది కాదు. ఇది నా మాట కాదు, ఆవిడదే. వచ్చినవాళ్ళందరి దగ్గరా చెప్పి విసుక్కునేవారు. "కొత్తవి గరగరలాడి చస్తాయి. కట్టగా కట్టగా మెత్తబడతాయి. హమ్మయ్య, మెత్తబడిందిరా దేవుడా అనుకునేసరికి ఈ ఊళ్ళో ఎవడో ఒకడు పుడతాడు!"

మాది రాజోలు వైపు ఒక పల్లె. మా ఊళ్ళో పురిటిబిడ్డకి కొత్తబట్ట తొడిగేవారు కాదు. పాత నేతచీర చింపి జుబ్బాలూ పొత్తిగుడ్డలూ కుట్టేవారు. అది ఎవరి చీరైనా పనికిరాదు. నిండుగా బతుకుతున్న పెద్దావిడదై ఉండాలి, ఆవిడ కన్నవాళ్ళంతా దక్కి ఉండాలి. అప్పుడా ఆయుష్షు బట్టలోంచి బిడ్డకి వస్తుందని నమ్మకం. ఒక్క బిడ్డని పోగొట్టుకున్నా సరే, ఆ ఇల్లాలి చీర ఎంత మెత్తనిదైనా ఎవరూ అడిగేవారు కాదు. మా మామ్మగారు ఎనిమిదిమందిని కన్నారు, ఎనిమిదిమందీ బతికి బట్టకట్టారు. ఇంకేముంది, ఊళ్ళో ఎవరికి నెలలు నిండినా ఆవిడ గుమ్మం ముందుకే వచ్చేవారు. పిల్లలు పండగలకి బండార్లంక నేతచీరలు తెచ్చి పెడుతూనే ఉండేవారు. అవి బీరువాలోకి వెళ్ళేవి. మెత్తబడ్డవి దడి దాటి ఇంకొకరింటికి వెళ్ళేవి. నా మొదటి జుబ్బా కూడా ఆవిడ చీరే. ఆకుపచ్చదిట.

ఇప్పుడు చెప్పబోయేది నాకు తొమ్మిదేళ్ళప్పటి వేసవి సంగతి. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాది మా అమ్మకి ఒక బాబు పుట్టి, నెల తిరక్కుండానే పోయాడు. నెలలు నిండకుండా పుట్టాడు, ఊపిరి అందలేదు, అంతే. కానీ వాడికోసం మా నాన్న ముందుగానే అమలాపురం వెళ్ళి లేసు కుట్టిన రెడీమేడ్ గౌన్లు తెచ్చారు. ఈ కాలంలో కూడా పాతగుడ్డలేమిటని నవ్వుతూ తెచ్చారు. వాడు పోయాక ఆ గౌన్లు ట్రంకుపెట్టెలో అడుక్కి వెళ్ళిపోయాయి. అమ్మ నాన్నని ఒక్క మాట కూడా అనలేదు. నాన్న మాత్రం ఆ తరవాత అమలాపురం వెళ్తే ఏ బట్టలకొట్టు ముందూ ఆగేవారు కాదు.

అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. అమ్మమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. సాయానికి మా మేనత్త కొత్తపేట నుంచి చేతి కుట్టుమిషను బస్సు మీద వేయించుకుని మరీ దిగింది. ఈసారి అన్నీ సవ్యంగా జరగాలని ఇంట్లో అందరికీ ఉంది. పైకి ఎవరూ అనరు. అమ్మ ఒక్క కోరికే పెట్టుకుంది. మామ్మగారి చీర.

ఆ సాయంత్రం అమ్మ వెంట నేనూ వెళ్ళాను.

"ఈసారి మీ చీరే కావాలండీ మామ్మగారూ," అంది అమ్మ.

"ఆయ్. ఇవ్వకేంటమ్మా. ఇప్పుడు కడుతున్నవింకా మెత్తబడలేదు. కాస్త ఓపిక పట్టు."

"ఎన్నాళ్ళండీ?"

"చీర మెత్తబడ్డం మన చేతుల్లో ఉంటుందామ్మా? దాని మానాన అది మెత్తబడాలి."

అమ్మ తలూపి లేచింది. నడుం మీద చెయ్యేసుకుని ఇంటికి నడిచింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే మామ్మగారి దగ్గర మెత్తటి చీర ఉంది. నాకు తెలుసు. బూడిదరంగు చీర, ఇటికరంగు అంచు. ఉతికి ఉతికి ఉల్లిపొర లాగా అయిపోయింది. పొద్దువాలాక నీళ్ళు పోసుకుని ఆవిడ అదే కట్టుకుని దొడ్లో మంచమేసుకునేవారు. ఆ ఏడు ఎండలకి ఆవిడకి మెడ చుట్టూ, నడుం చుట్టూ చెమటపొక్కులు లేచి పుండ్లయ్యాయని ఇప్పుడు నాకు తెలుసు. పగలంతా గంజిచీరతో వేగి, రాత్రి ఆ ఒక్క చీరలో ఊపిరి పీల్చుకునేవారు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. పెద్దావిడ అబద్ధమాడారు, చీర దాచుకున్నారు, మా ఇంట్లో ఒక బాబు పోయాడు.

రెండురోజులు లోపల్లోపల ఉడికాను. మూడోరోజు మధ్యాహ్నం వడగాడ్పు కొడుతోంది. ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. మామ్మగారి దొడ్లో రెండు కొబ్బరిచెట్లకి కట్టిన దండెం మీద బూడిదరంగు చీర ఆరేసి ఉంది. దడి దూకి, లాగి, చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ పని చేస్తున్నప్పుడు నా మనసులో ఏముందో ఇప్పటికీ గుర్తుంది. దొంగతనం చేస్తున్నానన్న భయం ఎంతమాత్రం లేదు. మామ్మగారు ఎవరికీ లేదనని మనిషి, ఎలాగూ ఇస్తారు, అలాంటి మనిషిని మళ్ళీ అడగడమెందుకు అనుకున్నాను. నా బుర్రకి అది చాలా న్యాయంగా తోచింది. నా జీవితంలో నేను చేసిన వెధవపనులు లెక్కేస్తే ముప్పాతిక వంతు ఈ న్యాయంతోనే చేశాను. ఆ సంగతి చివర్లో చెబుతాను.

చీర తెచ్చి అత్త ఒళ్ళో పడేశాను. "మామ్మగారిచ్చేరు."

అత్త చీర తడిమి చూసి కనుబొమలు ముడిచింది. "ఇదేంట్రా, తడిగా ఉంది?"

"ఉతికిచ్చేరు. బిడ్డకి శుభ్రంగా ఉండాలని."

అత్త నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. అమ్మ పడుకున్న గది వైపు ఒకసారి చూసింది. కత్తెర అందుకుంది. తడిచీర ఎవరిస్తారన్న మాట ఆవిడ నాలుక చివరే ఉండి ఉంటుంది. ఆవిడకీ ఆ చీర కావాలనే ఉంది కాబట్టి రెండోసారి అడగలేదు.

మా అత్త చెయ్యి పడితే గుడ్డ ఇట్టే బట్టైపోయేది. చీర మెత్తగా ఉన్నచోట జుబ్బాలకి కత్తిరించింది, కాస్త గట్టిగా ఉన్న కుచ్చిళ్ళ భాగం పొత్తిగుడ్డలకి పక్కన పెట్టింది. జుబ్బాలు తిరగేసినట్టు కుట్టింది. కుట్లూ మడతలూ పైకి కనబడుతున్నాయి. తప్పు కుడుతోందనుకుని చెప్పబోయాను. "కుట్టు లోపలుంటే బిడ్డకి గీసుకుంటుందిరా. నున్నన దానికి, గరుకు మనకి," అంది మిషను చక్రం తిప్పుతూ. గుండీలు కూడా లేవు, వెనక ముడేసుకునే నాడాలే. సాయంత్రానికల్లా చాపనిండా బూడిదరంగు జుబ్బాలు, అరచేతంతంత.

అప్పుడు వీధిగుమ్మంలో మామ్మగారు.

"అమ్మాయ్, నా చీర..." అంటూ లోపలికొచ్చి చాపని చూసి ఆగిపోయారు. సరిగ్గా అదే క్షణాన అమ్మ గదిలోంచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. మీ మేలు మరిచిపోలేనండీ అంటోంది. ఈసారి నాకు భయం లేదండీ అంటోంది. అమ్మ అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం ఏడాదిలో అదే మొదటిసారి నేను చూడటం.

మామ్మగారు అమ్మ తల మీదుగా నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"ఆయ్," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "నా చీర... అంచు పారేస్తున్నారేమోనని వచ్చేనమ్మా. పారెయ్యకండి, నాడాలకి బాగుంటుంది."

అంతే. వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే దడి అవతల నుంచి పిలుపు. వెళ్ళాను, కాళ్ళీడ్చుకుంటూ.

"నీ అసాధ్యం కూలా! ఏరా, పెద్దవాడివైపోయేవే?" అన్నారు. కొట్టలేదు, చెవి మెలెయ్యలేదు. లోపలికెళ్ళి బీరువాలోంచి మడత కూడా విప్పని నేతచీర ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. పసుపుపచ్చది, అట్టలాగా ఉంది. "నాకున్న మెత్తటి చీర నువ్వు తీసుకున్నావు. నాకు మెత్తటి చీర కావాలి. దీన్ని మెత్తబరిచి తీసుకురా. మీ అమ్మకి నేను చెప్పను, నువ్వూ చెప్పకు. ఇలాంటప్పుడు దాని మనసు కష్టపెట్టకూడదు."

ఇంకా ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. నేనప్పటికే దడి దాటేశాను. దెబ్బలు తప్పాయి, అమ్మకి తెలీదు, అంతకంటే నాకేం కావాలి?

చీర మెత్తబరచడం ఎంతసేపనుకున్నాను. ఉతికితే సరి.

మా ఇంటి ముందు చేతిబోరు ఉండేది. దానికింద చీర తడిపి, సబ్బు రాసి, బండమీద బాదాను. సబ్బు నురగ రాలేదు. జిడ్డుగా తెల్లటి పొరలాగా అంటుకుంది. ఆరేస్తే అప్పడంలాగా బిగుసుకుపోయింది. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. ఎన్నిసార్లు ఉతికినా చీర నిటారుగా నిలబడుతుందే గాని వంగదు. మా జట్టు పిల్లలంతా బోరు చుట్టూ చేరి ఏడిపించేవారు. "ఏవమ్మా పెళ్ళికూతురా, చీర ఎండిందా?" "మెల్లిగా బాదవే, అత్తగారు చూస్తారు!" రాయి విసిరేవాణ్ణి. నవ్వుతూ పారిపోయేవారు. అన్నిటికంటే మంట పుట్టించింది అమ్మ. "చీరిచ్చేరని విశ్వాసం చూడండొదినా, ఎవరూ చెప్పకుండానే మామ్మగారి చీర ఉతికి పెడుతున్నాడు," అని అత్తతో మురిసిపోయేది. అత్త తలెత్తకుండా పప్పులో రాళ్ళేరుకునేది.

కట్టగా కట్టగా మెత్తబడతాయని ఆవిడన్న మాట గుర్తొచ్చి రాత్రిళ్ళు అది చుట్టుకుని పడుకున్నాను. దాని అంచు మెడకి రంపంలాగా తగిలేది. చెమట పడితే మంట, అటు తిరిగితే గరగర. లేచి విసిరికొట్టి, మళ్ళీ తెచ్చి చుట్టుకునేవాణ్ణి. కుంకుడు రసం పోశాను. పిడకలు కాల్చిన కచ్చిక బూడిద నీళ్ళలో నానబెట్టాను. ఆఖరికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. కొబ్బరినూనె రాస్తే జుట్టు మెత్తబడుతుంది కదా, చీర ఎందుకు మెత్తబడదు? మా ఊళ్ళో పుట్టినవాడికే వస్తుంది ఇలాంటి ఆలోచన. గానుగాడించిన కొబ్బరినూనె డబ్బాలోంచి చెంబుతో వంచి చీరంతా పట్టించాను. వాకిట్లో దుమ్మంతా దానికే అంటుకుంది, చీమలు బారులు తీరాయి. ఆ నూనె వదిలించడానికి మళ్ళీ బోరు దగ్గర బాదుడు. నూనె వదల్లేదు, గరుకు వదల్లేదు. ఒకరోజు చీర బురదలో పడేసి కాలితో తొక్కి ఏడ్చాను. మామ్మగారిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. అంత అవసరమైన చీరైతే దండెం మీద ఎందుకారేశారు? దొంగని నేనైనా కోపమంతా ఆవిడ మీదే. ఆ గుణం కూడా నన్ను ఇంకా వదల్లేదు.

ఆ గొడవలోనే మా చెల్లెలు పుట్టింది. నెలలు నిండి, గట్టిగా ఏడుస్తూ పుట్టింది. అత్త బూడిదరంగు జుబ్బా తొడిగి చూపించింది. అందరూ సంతోషంలో మునిగిపోయారు. నాన్న వీధిలోకి వెళ్ళి ఒంటరిగా నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం చెల్లెల్ని చూస్తూ, దీనికి మెత్తగా ఉంది, నా చేతులు మాత్రం పొక్కిపోయాయి అనుకున్నాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే.

మామ్మగారు బిడ్డని చూడ్డానికి వచ్చారు. అమ్మ మురిపెంగా చేతికివ్వబోతే ఆవిడ వెనక్కి జరిగారు.

"ఉండమ్మా, ముందో పాత తువ్వాలివ్వు. నా చీర గరుకు, పిల్లకి గీసుకుంటుంది."

తువ్వాలు రొమ్ము మీద పరుచుకుని దానిమీద చెల్లెల్ని ఎత్తుకున్నారు. ఆవిడ మెడ దగ్గర చీర అంచు పడేచోట చర్మం కందిపోయి, గీరుకుని గీరుకుని పొట్టు లేచింది. నా మెడ మీద కూడా అదేచోట అలాగే కందిపోయి ఉంది. చెల్లెలు ఆవిడ పాతచీర ముక్కలో హాయిగా నిద్రపోతోంది. ఆవిడ దాన్ని చూసి నవ్వుతున్నారు. నేనక్కడ నిలబడలేక దొడ్లోకి వెళ్ళిపోయాను.

కొద్దిరోజులకి కాలువ వదిలారు. ఏటా వేసవిలో మరమ్మత్తులకని కాలువలు కట్టేస్తారు. మళ్ళీ వదిలిన రోజు పిల్లలమంతా గట్టు మీదకి పరిగెత్తేవాళ్ళం. ఎండుటాకుల్నీ దుమ్మునీ తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు బుసబుసా వస్తాయి. నీళ్ళు తేరాక ఆడవాళ్ళంతా మూటలతో రేవులోకి దిగుతారు. నేనూ నా పసుపుచీర పట్టుకుని దిగాను. సబ్బు రాయగానే చేతులనిండా నురగ! రెండో ఉతుక్కి నూనె వదిలింది. మూడో ఉతుక్కి బట్ట నీళ్ళు తాగి బరువెక్కి నా చేతిమీద వాలిపోయింది.

పక్కన దుప్పట్లు ఉతుకుతున్న ఒకావిడ నవ్వింది. "ఇన్నాళ్ళూ బోర్లో ఉతికేవా? ఉప్పునీళ్ళకి ఎక్కడైనా మెత్తబడుతుందిరా పిచ్చోడా!"

తడిచీరతోనే మామ్మగారింటికి పరిగెత్తాను. ఆవిడ అరుగు మీద బియ్యం చెరుగుతున్నారు.

"బోరు నీళ్ళకి మెత్తబడదని మీకు తెలుసుగదండీ! ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగేవా?"

నేను తడిచీర పిండుతూ నిలబడ్డాను.

"చెబుదామని నోరు తెరిచేను. నువ్వుంటే గదా! కాలువొదిలేదాకా ఆగరా అని ఒక్క మాట. ఆ తరవాత రోజూ దడి మీంచి చూస్తూనే ఉన్నాను. ఇవాళ అడుగుతాడు, రేపడుగుతాడు అని. నూనె పోసిన్నాడు నవ్వలేక చచ్చేను." చేట పక్కన పెట్టారు. మొహంలో నవ్వు పోయింది. "జుబ్బాలకి సగం చీర చాలురా. మీ అమ్మ వచ్చెళ్ళిన్నుంచీ అదే అనుకుంటున్నాను. దానికో సగం, నాకో సగం అని. ఇంట్లో ఒక కడవెడు కాలవ నీళ్ళు దాచుకున్నాను, ఆవేళ వాటితో ఉతికింది చింపడానికే. ఎండేక చింపుదామని కాస్త నడుం వాల్చేను. లేచి చూసేసరికి దండెం ఖాళీ."

నేను తీసుకున్నది మాకు ఇవ్వబోతున్నదే. ఆ మాట చెవిన పడ్డాక ఏడవడానికి కూడా నాకు అర్హత లేదనిపించింది. తప్పు చేశాను మామ్మగారూ అని కూడా అనలేకపోయాను. చీర తీసుకుని మళ్ళీ రేవుకి వెళ్ళిపోయాను.

రోజూ ఉతికి నీడన ఆరేసేవాణ్ణి, రాత్రి అదే కప్పుకునేవాణ్ణి. బడి తెరిచినా మానలేదు. శ్రావణమాసం నాటికి ఆ చీర పిడికిట్లో పట్టేంత మెత్తబడింది. తీసుకెళ్ళి ఇచ్చాను. మామ్మగారు దాన్ని చెంపకి ఆనించుకుని "హమ్మయ్య" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఏనుగెక్కినంత పొంగు వచ్చింది.

వారం తిరక్కుండానే మా బడి టీచరుగారు వచ్చారు. చర్చి వీధిలో ఉంటారు. నేను అప్పుడు మామ్మగారి అరుగు మీదే ఉన్నాను. "మాకీ పట్టింపుల్లేవండీ మామ్మగారూ. కానీ మా అమ్మాయికి తొమ్మిదో నెల. వాళ్ళత్తగారు మీ చీరే కావాలంటున్నారు," అన్నారు మొహమాటంగా. మామ్మగారు చేటలోంచి తలెత్తలేదు.

"నాదేముందండీ. మెత్తబరిచింది వాడు. వాణ్ణడగండి."

తరగతిలో నన్ను బెత్తంతో అదిలించే మనిషి నా ముందు వంగి, "బాబూ, మీ చీర మా అమ్మాయికి ఇస్తావా నాన్నా?" అని అడిగారు.

ఇవ్వనని అరవాలనిపించింది. నా చేతులు పొక్కాయి, నా మెడ కందింది, నా నిద్ర పోయింది. ఇన్నేళ్ళుగా మామ్మగారికి ప్రతిసారీ ఇలాగే ఉండేదన్నమాట అని అప్పుడు తట్టింది. లేదనకపోవడం ఆవిడకి తేలికేమీ కాదు. కానీ ఇంకోటి కూడా తెలిసింది. టీచరుగారు అడిగి ఆగారు. నేను వద్దన్నా వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నారు. అలా ఆగి నిలబడ్డ మనిషికి ఇవ్వాలని నాలోపల్నుంచి దానంతటదే వచ్చింది.

"సగం ఇస్తానండీ. సగం మామ్మగారికుండాలి," అన్నాను.

"సగం చాలు నాన్నా."

మామ్మగారు కత్తెరతో అంచు దగ్గర చిన్న గాటు పెట్టి నా చేతికిచ్చారు. నేను చింపాను. చీర సర్రున అడ్డంగా రెండైంది. ఆ మిగిలిన సగం ఆవిడ రాత్రిళ్ళు చుట్టుకునేవారు. నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఆవిడ పోయేదాకా అది ఎవరికీ ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే, "అది మా పక్కింటి కుర్రాడిదండీ," అనేవారట.

ఈ కథ ఇక్కడితో అయిపోతే నేను మంచివాణ్ణే. కాలేదు.

మా ఆవిడ పెళ్ళికి ముందు బళ్ళో పాఠాలు చెప్పేది. పెళ్ళయ్యాక మానేస్తుందని మా ఇంట్లోవాళ్ళకీ వాళ్ళ బడిలోవాళ్ళకీ నేనే చెప్పేశాను. ఆవిడకి చివర చెప్పాను. కాదనదని తెలుసు కాబట్టి. చెల్లెలు కాకినాడలో చదువుకుంటానని ఆశపడుతుంటే దగ్గర్లో చేర్పించి వచ్చాను. అన్నయ్య మాట కాదనదని తెలుసు కాబట్టి. నాతో గట్టిగా పోట్లాడేవాళ్ళని మాత్రం నేనెప్పుడూ వినయంగా అడిగాను. మంచివాళ్ళ దగ్గరే అడక్కుండా దండెం మీంచి లాక్కున్నాను.

రెండువేల పది దగ్గర్లో సంగతి. మా ఆవిడ పురిటికి రామచంద్రపురంలో పుట్టింట్లో ఉంది. జుబ్బాలకి మెత్తటి చీర కావాలని కబురొచ్చింది. నేను వెతికే పని కూడా పెట్టుకోలేదు. దొడ్లో దండెం మీద అమ్మ నీలం చీర ఉంది, వెన్నలాగా ఉంది. మడతపెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించేశాను. సాయంత్రం అమ్మ దండెం దగ్గర వెతుకుతుంటే అప్పుడు చెప్పాను, ఏదో మంచిపని చేసినట్టు.

అమ్మ దండెం పట్టుకుని నిలబడిపోయింది.

"నా చీరా? నా చీర పంపేవా?" అంది. "నేనొకణ్ణి పోగొట్టుకున్నదాన్ని గదరా."

మర్చిపోయాను. అంత పెద్ద సంగతి మర్చిపోయాను. ఊళ్ళో ఇన్ని పురుళ్ళు జరిగినా మా అమ్మ చీర ఏనాడూ ఎవరూ అడగలేదన్న సంగతి నేనేనాడూ గమనించలేదు. వెనక్కి తెప్పిస్తానన్నాను. వాళ్ళీపాటికి కుట్టేసి ఉంటార్లే, ఇప్పుడు వద్దంటే ఆ పిల్ల భయపడుతుంది, అంది. దండెం మీద మిగిలిన బట్టలు తీస్తూ తనే మళ్ళీ మాట్లాడింది.

"అప్పుడూ అంతే. తడిచీర తెచ్చేవు."

"నీకు తెలుసా అమ్మా?"

"తడిచీర ఎవరిస్తార్రా? జుబ్బా ముట్టుకుంటే ఇంకా చెమ్మగానే ఉంది. తెలిసే నోరు మూసుకున్నాను. అడిగితే తిరిగిచ్చెయ్యాల్సొస్తుందని." తీసిన బట్టలు మడతపెడుతూ అంది. "నన్నడిగితే నా చీరొద్దనేదాన్ని. అయినా ఒక్కసారి అడిగుంటే బాగుండేదిరా."

మా అబ్బాయికి ఏమీ కాలేదు. అమ్మ చీరలోనే పెరిగాడు, ఇప్పుడు నా భుజం దాటాడు. ఇరవై ఏళ్ళలో మా అమ్మ చీర కావాలనుకున్న మనిషిని నేనొక్కణ్ణే. ఆ ఒక్క ప్రశ్న నేనడిగి ఉంటే అమ్మకి ఏం ముట్టేదో నాకు బాగా తెలుసు. నా ఎదురుగా టీచరుగారు వంగి అడిగిన రోజు నాకు ముట్టింది అదే.

ఇప్పుడు మా ఇంట్లో నా మీద ఒక నవ్వులాట ఉంది. నీళ్ళచెంబు తీసుకోవడానిక్కూడా ఈయనకి పర్మిషన్ కావాలండీ అని మా ఆవిడ వచ్చినవాళ్ళకి చెబుతుంది. నవ్వనీ. అడిగి, ఆగి, ఎదుటివాళ్ళు వద్దనడానికి చోటిచ్చి నిలబడటం నాకు ఇంకా కష్టంగానే ఉంది. నెలలో ఎన్నోసార్లు మర్చిపోతాను. మర్చిపోయినప్పుడల్లా మెడ దగ్గర, సరిగ్గా అదేచోట, బోరునీళ్ళలో ఉతికిన పసుపుచీర అంచు గీసుకున్నట్టవుతుంది. వెనక్కి వెళ్ళి, ఆలస్యంగానైనా అడుగుతాను.